ఇల్లు మారేవాళ్ళు వదిలేసే పిట్టలు: దేనికి ఔననాలి, దేనికి కాదనాలి

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ దాకా నాకు ఫోన్లు ఎక్కువ. బడులకు సెలవులిస్తారు, బదిలీలవుతాయి, కిరాయి ఇళ్ళు మారుతుంటారు. "అక్కా, మేం పట్నం పోతున్నం. అక్కడ అపార్ట్‌మెంటుల పిట్టలను ఉంచనియ్యరట. మీరు పెట్టుకుంటరా?" అని ఒకరు. "బాబు హాస్టల్‌కు పోయిండు, వీటిని చూసేటోళ్ళు లేరు" అని ఇంకొకరు. వీళ్ళను నేనెప్పుడూ తప్పుపట్టను. రాత్రికి రాత్రి పంజరం తలుపు తీసి పోయేవాళ్ళున్న చోట, నలుగురికి ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఎంతో నయం.

మాది నల్లగొండ. ఎనిమిదేళ్ళ కింద మా పై పోర్షన్‌లో కిరాయికున్నవాళ్ళు ఖాళీ చేస్తూ, నాలుగు పిట్టలున్న పంజరాన్ని మెట్ల కింద పెట్టి పోయారు. పక్కన ఒక కవర్‌లో పావుకిలో కొర్రలు. నాకప్పటికి పిట్టల గురించి ఏమీ తెలియదు. గాలి తగులుతుందని పంజరాన్ని వరండాలో పడమటి గోడకు తగిలించాను. మధ్యాహ్నం రెండు దాటితే ఆ గోడ పెనంలా కాలుతుందన్న సంగతి నాకు తట్టలేదు. నాలుగింట్లో రెండు ఆ మే నెల దాటలేదు. ఆ బాధతోనే తర్వాత ఎవరు అడిగినా కాదనకుండా తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకు, కాదనాల్సిన చోట కాదనకపోతే బాధపడేది పిట్టేనని అర్థమైంది. మీ ముందుకు కూడా అలా ఒక పంజరం వస్తే ఎలా తేల్చుకోవాలో, నాకు తెలిసినంత చెప్తాను.

పిట్టను చూసేముందు ఇంటిని చూసుకోవాలి

చాలామంది రంగు చూసి, మాటలు నేర్చుకుంటుందా అని అడిగి మనసు పారేసుకుంటారు. నా దగ్గర చేరిన పిట్టలను పెంచుకుంటామని వచ్చేవాళ్ళను నేను మొదట అడిగేది ఒక్కటే: మే నెలలో, మధ్యాహ్నం మూడు గంటలకు, ఆ పంజరం మీ ఇంట్లో ఎక్కడుంటుంది? ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటారు?

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఎండాకాలంలో 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి వగరుస్తూ, రెక్కలను ఒంటికి ఎడంగా పెట్టుకుని వేడిని బయటికి పంపుకోవడమే దానికి తెలిసింది. రేకుల ఇల్లయితే, కూలర్ ఉన్నా సరే, కరెంటు పోయిన గంటలో లోపల పొయ్యి మీద పెట్టినట్టవుతుంది. అందుకని రేకుల ఇంట్లో ఉండేవాళ్ళను ఎండాకాలంలో తీసుకోవద్దంటాను. మీకు ప్రేమ లేదని కాదు, రేకు గుణం అది. వానలు పడ్డాక మృగశిర కార్తెలో మాట్లాడుకుందాం అంటాను. ఈలోపు ఆ పిట్ట ఇంకొకరి స్లాబు ఇంట్లోనో పెంకుటింట్లోనో ఉంటుంది. తూర్పు లేదా ఉత్తరం వరండా, చుట్టూ నీడ, మధ్యాహ్నం తడి గోనెపట్టా కట్టే వీలు ఉంటే చాలు. కూలర్ గాలి నేరుగా పంజరానికి కొట్టకూడదు, గదికి తగిలితే సరిపోతుంది. వగరుస్తున్న పిట్టను ఐసు నీళ్ళలో ముంచడం ప్రాణం తీస్తుంది. నీడకు తెచ్చి, మామూలు నీళ్ళు కాళ్ళ మీద, రెక్కల కింద చిలకరించాలి.

ఇక కోతులు. మన ఊళ్ళలో వరండాలో పంజరం వేలాడదీసి బజారుకు పోతే తిరిగొచ్చేసరికి ఏం మిగులుతుందో చెప్పనక్కర్లేదు. గ్రిల్ లేని వరండా ఉంటే పంజరం లోపలి గదిలోనే ఉండాలి. లోపల అంటే వంటింట్లో మాత్రం కాదు. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడితే వచ్చే పొగ మనకు వాసన కూడా సరిగా తెలియదు, పిట్టను నిమిషాల్లో చంపేస్తుంది. పక్షి ఊపిరితిత్తులు గాలిని మనకంటే ఎంతో సమర్థంగా పీల్చుకుంటాయి, గాలిలో ఉన్న విషాన్ని కూడా అంతే. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా అదే గదిలో వద్దు. శుక్రవారం సాంబ్రాణి తప్పదనే ఇళ్ళుంటాయి. ఆ గంట పంజరాన్ని వేరే గదికి మార్చి తలుపేస్తే చాలు.

మనం లవ్ బర్డ్స్ అనేవి లవ్ బర్డ్స్ కావు

మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవి, ఇచ్చేవి చాలావరకు బడ్జీలు. సన్నగా, పొడుగు తోకతో, మెడ మీద నల్ల గీతలతో ఉండే ఆస్ట్రేలియా పిట్టలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. తోక పొట్టిగా, ముక్కు లావుగా, ఒళ్ళు గుండ్రంగా ఉంటాయి. పేరు ఒకటే కదా అని రెండింటినీ ఒకే పంజరంలో వేసేవాళ్ళున్నారు. లవ్ బర్డ్ కొరికితే బడ్జీ వేలు తెగిపోతుంది. రెండు వేళ్ళు పోయిన బడ్జీ ఒకటి మా ఇంట్లో మూడేళ్ళు బతికింది. కొమ్మ మీద నిలబడలేకపోతుందని దానికోసం పంజరంలో చెక్క పలక కట్టాను. కాబట్టి ఫోన్‌లో ఎవరైనా లవ్ బర్డ్స్ ఉన్నాయంటే ముందు ఫోటో పంపమని అడగండి.

మొదటిసారి తెచ్చుకునేవాళ్ళకు నా సలహా బడ్జీల జత. మనిషి పగలంతా ఇంట్లో లేకపోయినా ఒకదానికొకటి తోడుంటాయి. బరువు 30 నుంచి 40 గ్రాములు, ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్ళు. పంజరం కనీసం రెండున్నర అడుగుల పొడవుండాలి, చువ్వల మధ్య అర అంగుళానికి మించి సందు ఉండొద్దు. పిట్టలు పైకి కాదు, అడ్డంగా ఎగురుతాయి. అందుకే పొడుగ్గా నిలబడే గుండ్రటి పంజరం కంటే అడ్డంగా పరిచినట్టుండే పంజరం మేలు. గింజలు కిరాణా కొట్లోనే దొరుకుతాయి: కొర్రలు, సజ్జలు. పాలమూరు వైపు వాళ్ళకు ఇవి చెప్పక్కర్లేదు. కానీ గింజలొక్కటే పెడితే ఎ విటమిన్ లోపంతో పిట్ట నీరసించి రోగాన పడుతుంది. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము రోజూ కాస్త ఉండాలి. బయటి ఆకుకూరలకు మందులు కొడతారు కాబట్టి నేను కొత్తిమీర కుండీలోనే పెంచుకుంటాను. కాల్షియం కోసం పెట్ షాపులో కొనే తెల్లటి ముక్క, మన మూలికల దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో అమ్మేది ఒకటే.

బడ్జీల విషయంలో ఒక్క జాగ్రత్త. పంజరంతో పాటు గుడ్లు పెట్టే కుండ కూడా ఇస్తే కుండను తీసి పక్కన పెట్టండి. ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు, 18 రోజులకు పిల్లలు, ఇంకో ఐదు వారాలకు అవి గూడు దాటి బయటికి వస్తాయి. ముద్దుగా ఉన్నాయని ఊరుకుంటే ఏడాదికి పంజరం పట్టదు. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలా మొదలైనవే. రెండూ మగవో, రెండూ ఆడవో తెచ్చుకుంటే ఈ గొడవే లేదు. పెద్దవైన బడ్జీల్లో ముక్కు పైన ఉండే మెత్తటి భాగం మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమ రంగులో ఉంటుంది. కొన్ని తెల్లవాటిలో, పసుప్పచ్చవాటిలో ఈ గుర్తు సరిగా పనిచేయదు.

కాకటీల్ వేరే సంగతి. తల మీద కిరీటంలా ఈకలు, బుగ్గ మీద నారింజ చుక్క, మనిషి భుజమెక్కి కూర్చునే చనువు. మగదైతే ఈలలు వేస్తుంది. ఇంట్లో తాతయ్యో నానమ్మో రోజంతా ఉండే కుటుంబానికి దీన్ని మించిన పిట్ట లేదని నా అభిప్రాయం. అయితే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు ఏడో తరగతి చదివే పిల్ల అడిగిందని తెస్తే, ఆ పిల్లకు పెళ్ళై అత్తగారింటికి పోయాక కూడా అది మీ వరండాలోనే ఉంటుంది. రెండో విషయం, కాకటీల్ ఈకల నుంచి సన్నటి తెల్ల పొడి రాలుతూనే ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే వద్దు. దీని గురించి ముందే అడగకుండా ఇచ్చి, నెల తిరక్కముందే వెనక్కి తెచ్చుకున్న అనుభవం నాకుంది. మూడోది, చీకట్లో చిన్న చప్పుడుకు బెదిరి పంజరమంతా కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. నిమజ్జనం డీజేలు, దీపావళి పటాకుల రాత్రుల్లో ఒక చిన్న బల్బు వెలుగుతూనే ఉండాలి.

అసలు లవ్ బర్డ్స్ 10 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి, జతగా బాగుంటాయి, చిన్నపిల్లల వేళ్ళను మాత్రం వదలవు. పదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి నేనివ్వను. సన్ కనూర్ అని పసుపు, నారింజ రంగుల విదేశీ చిలుక ఒకటుంది. దాని అరుపు పక్కింటి దాకా కాదు, వీధి చివరి దాకా వినిపిస్తుంది. గోడలు కలిసిన ఇళ్ళలో దాన్ని ఉంచితే నెలలోపే మళ్ళీ ఇంకో ఇల్లు వెతకాలి.

ఆఫ్రికన్ గ్రే అనే బూడిదరంగు చిలుక గురించి గట్టిగా చెప్తాను: మొదటి పిట్టగా వద్దే వద్దు. అది 40 నుంచి 60 ఏళ్ళు బతికే జీవి. ఒంటరిగా వదిలేస్తే తన ఈకలను తానే పీక్కుని రొమ్మంతా బోడి చేసుకుంటుంది. పైగా అరుదైన జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఉన్న సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే అంతర్జాతీయ వ్యాపార నిషేధ జాబితాలో ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన నియమాల ప్రకారం సైటిస్ జాబితాల్లోని ఇలాంటి విదేశీ జాతులను పెంచుకునేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చేతులు మారినా తెలియజేయాలి. సన్ కనూర్ రెండో అనుబంధంలో ఉంది, దానికీ ఇదే వర్తిస్తుంది. బడ్జీకి, కాకటీల్‌కు ఈ బాధ లేదు. ఎవరైనా గ్రేనో కనూర్‌నో ఉచితంగా ఇస్తామంటే ముందు ఆ నమోదు కాగితం చూపించమనండి. కాగితం లేకపోతే, ఎంత జాలేసినా, అటవీ శాఖ వాళ్ళను అడిగాకే చేయి చాపండి.

రామచిలుక దగ్గర ఎంపిక లేదు

నొచ్చుకున్నా సరే, చెప్పాలి. మన పచ్చ రామచిలుకను ఇంట్లో పెంచుకోవడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అది రక్షిత పక్షి. గోరింకలకు, మునియా పిట్టలకు కూడా ఈ రక్షణ ఉంది. శిక్ష 3 ఏళ్ళ దాకా జైలు, 1 లక్ష రూపాయల దాకా జరిమానా. మా చిన్నప్పుడు ప్రతి వీధిలో ఒక చిలుక ఉండేది, ఎవరూ ఏమీ అనలేదు అంటారు. నిజమే, మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మేమెవరం అడగలేదు.

అది వచ్చింది మొండి తాటి నుంచి. తల పోయిన తాటిచెట్టు బోదెలో పడిన తొర్ర రామచిలుకలకు ఇష్టమైన గూడు. చలికాలం చివర్లో, ఎండలు ముదిరే లోపు పిల్లలు చేస్తాయి. కళ్ళు కూడా సరిగా తెరవని పిల్లలను ఆ తొర్రలోంచి చేయి పెట్టి తీస్తారు. దారిలోనే చాలా చచ్చిపోతాయి. బతికినదాని రెక్కలు కత్తిరించి అమ్ముతారు. మన దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్ళ వ్యవహారమూ ఇంతే. మన రాష్ట్ర పక్షిని దర్శనం కోసం బంధిస్తే ఆ దర్శనంలో పుణ్యమేముంది? చేను గట్టు మీద కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూడడమే దర్శనం.

మరి ఇప్పటికే ఇంట్లో చిలుక ఉంటే ఏం చేయాలి? రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, మీరే తీసుకెళ్ళి తోటలో ఎగరేయడం. ఇంకొకటి, అటవీ శాఖకు అప్పగించడం. మొదటిది విన్నప్పుడు మంచిగా అనిపిస్తుంది. కానీ ఏళ్ళ తరబడి ఎగరని పిట్టకు రెక్క బలం ఉండదు, గద్దను చూసి దాక్కోవాలని తెలియదు, మనిషిని చూసి దగ్గరికి వస్తుంది. రెక్క ఈకలు కత్తిరించి ఉంటే, మళ్ళీ కొత్తవి మొలిచేదాకా అది నేల మీది జీవే. రెండో దారే సరైనది. జిల్లా అటవీ అధికారి కార్యాలయానికో, మీ రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేసి, ఫలానా పిట్ట ఉంది, అప్పగిస్తాం అని చెప్పండి. కేసవుతుందేమోనని భయపడి చీకట్లో వదిలేయకండి. మీ అంతట మీరు ముందుకు వచ్చి ఇవ్వడానికి, సోదాలో దొరకడానికి ఎంతో తేడా ఉంది.

గాలివానకు గూటి నుంచి పడ్డ పిల్ల దొరికితే మాత్రం కంగారుగా ఇంటికి తేవద్దు. ఈకలొచ్చిన పిల్ల అయితే, పిల్లికి అందని కొమ్మ మీద పెట్టి దూరం నుంచి చూడండి, తల్లి వస్తుంది. మనం ముట్టుకుంటే తల్లి దగ్గరికి రాదన్న మాట నిజం కాదు.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో ఇరుకు పంజరాల్లో ముడుచుకున్న పిట్టలను చూసి, అయ్యో అని డబ్బులిచ్చి తెచ్చే మంచి మనుషులున్నారు. మన ఊళ్ళలోని షాపుల్లోనూ అంతే. ఆ జాలి నాకు అర్థమవుతుంది, ఒకసారి నేనూ తెచ్చాను. నాలుగో రోజుకు ఆ పిట్ట పోయింది. దాంతోపాటు అంతకుముందే మా ఇంట్లో ఉన్న ఇంకో రెండు పోయాయి. షాపువాడికి ఆ పంజరం ఖాళీ అయింది, వారం తిరక్కముందే ఇంకో పిట్ట వచ్చింది. డబ్బు పెట్టి కాపాడడం అంటే ఇంకోదాన్ని తెప్పించడమే అని అప్పుడు తెలిసింది.

ఇంటి నుంచి ఇంటికి మారే పిట్ట మేలు. దాని వయసు, అలవాట్లు, తిండి చెప్పేవాళ్ళు ఉంటారు. మీరే వెళ్ళి చూడండి, వీడియో చూసి ఒప్పుకోకండి. వెళ్ళగానే పంజరం దగ్గరికి పోకుండా కాస్త దూరంలో కూర్చోండి. జబ్బు పడ్డ పిట్ట మనిషిని చూడగానే ఓపిక తెచ్చుకుని బాగున్నట్టు నటిస్తుంది. అడవిలో బలహీనంగా కనిపిస్తే చావే కాబట్టి అది వాటి రక్తంలోనే ఉంది. పది నిమిషాలు పోయాక అసలు తీరు బయటపడుతుంది. ఈకలు ఉబ్బించుకుని కూర్చుందా, ఊపిరి పీల్చినప్పుడల్లా తోక ఊగుతోందా, పంజరం అడుగున ఉందా, కింద రెట్టలు నీళ్ళనీళ్ళగా ఉన్నాయా చూడండి. వీటిలో ఏదున్నా వైద్యుడి సంగతి ముందు తేల్చుకోవాలి. మన జిల్లా పశువైద్యశాలల్లో ఎక్కువగా చూసేది గేదెలు, గొర్రెలు, కోళ్ళనే. పంజరం పిట్టలు చూసే వైద్యుడి కోసం నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వెళ్ళాలి, సుమారు 100 కిలోమీటర్లు. 35 గ్రాముల ప్రాణానికి అది చాలా దూరం. అందుకే నేను వంటింటి డిజిటల్ తూకం మీద ప్రతి ఆదివారం బరువు చూసి రాసుకుంటాను. కంటికి కనిపించని జబ్బు తూకంలో ముందే కనిపిస్తుంది.

ఇంట్లో ఇప్పటికే పిట్టలుంటే కొత్తదాన్ని 30 రోజులు వేరే గదిలో ఉంచండి. ముందు పాతవాటికి తిండి పెట్టి, తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్ళండి. ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చకుండా తడిపి తుడవండి. చిలుక జాతి పిట్టల నుంచి మనుషులకు ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వదలకపోతే మా ఇంట్లో పిట్టలున్నాయని డాక్టరుకు చెప్పండి.

ఇచ్చేవాళ్ళకు

కారణం ఏదైనా, ఇవ్వక తప్పని రోజు వస్తే నా వరుస ఇది. తెలిసినవాళ్ళ ఇల్లు మొదటిది. వాళ్ళింటికి మీరు నెలకోసారి వెళ్ళి చూడగలిగేంత తెలిసినవాళ్ళయితే మరీ మంచిది. రెండోది, పక్షులను చూసుకునే స్వచ్ఛంద సంస్థలు, అవి ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఖాళీ ఉందో లేదో కనుక్కోకుండా పంజరంతో బస్సెక్కకండి. మూడోది, ఫోన్‌లో ప్రకటన పెట్టి తెలియనివాళ్ళకు ఇవ్వడం. ఇలా ఇచ్చేటప్పుడు పూర్తి ఉచితం అనకండి. ఉచితంగా తీసుకుని మర్నాడే అమ్ముకునేవాళ్ళు ఉన్నారు, నేను ఇచ్చిన ఒక జత అలాగే పోయింది. పంజరం ధర తీసుకోండి, వాళ్ళ ఇల్లు చూశాకే పిట్టనివ్వండి. షాపుకు తిరిగి ఇవ్వడం నా వరుసలో లేదు.

ఎగరేయడం అసలే లేదు. పాలమూరులో ఒక కుటుంబం ఇల్లు మారుతూ తమ కాకటీల్‌ను పిల్లలమర్రికి తీసుకెళ్ళి వదిలారు. ఏడు వందల ఏళ్ళ చెట్టు, ఇన్ని ఊడలు, ఒక్క పిట్టకు చోటు లేకపోతుందా అనుకున్నారు. వాళ్ళకు చెడు ఉద్దేశం లేదు. కానీ ఆస్ట్రేలియా పిట్టకు మన మర్రిపండు తిండి కాదు, మన కాకులు చుట్టాలు కావు. మూడో రోజు ఆ దారిలో నడకకు వెళ్ళే ఒకాయన దాన్ని గేటు దగ్గర చూసి, చొక్కాలో చుట్టి తెచ్చి, ఎవరెవరినో అడిగి నాకు ఫోన్ చేశారు. తల మీద కాకులు పొడిచిన గాయంతో వచ్చింది. బతికింది.

ఆ కాకటీల్ రెండేళ్ళు మా ఇంట్లో ఉంది. పోయిన శ్రావణంలో దేవరకొండ దగ్గర ఒక పెద్దాయన అడిగారు. రిటైరైన సారు, స్లాబు ఇల్లు, తూర్పు వరండాకు గ్రిల్, ఆస్తమా ఎవరికీ లేదు. "అమ్మా, నా వయసు 66. అది నాకంటే ఎక్కువ బతికితే?" అని ఆయనే అడిగారు. ఆ ప్రశ్న అడిగినందుకే నాకు ధైర్యం వచ్చింది. ఆయన కోడలితోనూ మాట్లాడాను. అవసరమైతే తను చూసుకుంటానంది, లేదంటే నా దగ్గరికే తిరిగి రావాలని ముగ్గురం అనుకున్నాం. అది తినే గింజల డబ్బా, రాత్రి పంజరం మీద కప్పే పాత దుప్పటి, ఆదివారం బరువులు రాసిన నోటుపుస్తకం కలిపి ఇచ్చాను. ఆ పుస్తకంలో బరువులు ఇప్పుడు ఆ కోడలు రాస్తోంది. ప్రతి ఆదివారం ఫోటో పంపుతుంది. మొన్నటి తూకం 92 గ్రాములు.